వంద శాతం పిల్లల రోడ్డు

ఆ రోడ్డు పిల్లల ఖర్చులో ఎట్లా చేరిందో కనుక్కోవడానికి యూనీస్‌కు మూడు రోజులు పట్టింది.

పట్టికలో నలభై రెండో వరుసలో ఉందది. యశ్వంతనగర్ అవతల, కూలీల కాలనీ ముందు నుంచి ఖనిజం లారీలు తిరిగే నాలుగు కిలోమీటర్ల సిమెంటు రోడ్డు. దాని ఎదురుగా 'పిల్లల వాటా' అనే గడిలో నూరు శాతం అని ఉంది. పది రాయబోయి నూరు కొట్టి ఉంటారనుకుంది మొదట. ఇంజనీర్ల ఆఫీసుకు పోయి అడిగితే, రోడ్డు వేసేవరకే మా పని, గడుల సంగతి మాకు తెలియదన్నారు. అంగన్‌వాడీలు చూసే ఆఫీసులో ఆ రోడ్డు పేరే వినలేదన్నారు. మూడో రోజు, బీరువా అడుగు అరలో పాత ఫైలు దొరికింది. పొరపాటు కాదు. ఎవరో బాగా ఆలోచించి, కారణం కూడా రాసి మరీ పెట్టారు: 'రోడ్డు పక్కన పాఠశాల కలదు.'

యూనీస్ బళ్లారి బ్రూస్‌పేటలో పుట్టి పెరిగిన మనిషి. తల్లి కృపమణి మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైంది. యూనీస్ ఎకనామిక్స్ చదివి, బెంగుళూరులో ఒక సలహా సంస్థలో చేరి పన్నెండేళ్లయింది. ప్రభుత్వాల బడ్జెట్లలో పిల్లలకు పోవాల్సింది పోతోందా, పోకపోతే ఎక్కడ ఆగుతోంది, ఎట్లా మారిస్తే చేరుతుంది అని చెప్పడం ఆ సంస్థ పని. గనుల మీద జిల్లాకు వచ్చే నిధిని పిల్లల కోసం ఎట్లా ఖర్చు చేయాలో సలహా ఇవ్వమని సొంత జిల్లా నుంచే పిలుపు వచ్చేసరికి, ఎనిమిది నెలల ఒప్పందం మీద సంతోషంగా వచ్చి తల్లి దగ్గర దిగింది. చర్చి మెట్ల మీద ఎవరైనా కూతురి ఉద్యోగం గురించి అడిగితే కృపమణి, "సర్కారు దుడ్డు పిల్లోళ్ల దాకా పోతాందా ల్యాదా చూసే పని" అనేది. "చూస్తే పోతాదా?" అని ఒకామె నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. కృపమణి ఇంటికొచ్చి ఆ ప్రశ్న కూతురికి అప్పజెప్పింది.

ఫైలు పట్టుకుని యూనీస్ ఇంద్రసేన గదికి వెళ్లింది. నిధి ప్రణాళికంతా ఆయన చేతి మీదుగా పోతుంది. రిటైరవడానికి ఆర్నెల్లుంది. ఫైళ్లలో కన్నడం, మాటల్లో తెలుగు.

"సార్, ఈ రోడ్డు పిల్లలదెట్లయితాది?"

"పక్కనే స్కూలుండాది గదమ్మా. పిల్లోళ్లు నడిచేది దాని మీదే గదా."

"లారీల కోసం గదా సార్ వేసింది."

"లారీలకు హక్కులుండవు. పిల్లోళ్లకుండాయి" అని తనే నవ్వి, ఆమె నవ్వకపోవడం చూసి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "చూడు యూనీసమ్మా, రెండేండ్ల కింద పై నుంచి లెటర్ వచ్చె. నిధిలో ఇరవై శాతమన్నా పిల్లోళ్లకు పెట్టినట్టు చూపీయల్లని. అప్పటికి మాది తొమ్మిది. ఏడాది ముగిసేదానికి ఇరవై దినాలుండాది. ఇరవై దినాల్లో అంగన్‌వాడీలు కట్టేదా? టీచర్లను తెచ్చేదా? అప్పుడున్న కన్సల్టెంటు ఈ దోవ చూపిచ్చినాడు. ఒకే గడి మార్చినాం, ఇరవై మూడైపోయె. నేనేం తినలేదమ్మా. కావాలంటే పోయి రోడ్డు చూసి రా. ఒక నెర్రె ఉండదు."

ఆయన అబద్ధమాడటం లేదు. అదే యూనీస్‌కు మింగుడు పడలేదు. దొంగ అయితే కోపం తెచ్చుకోవచ్చు. ఈయన తను వచ్చిన రోజు నుంచి అడిగిన ప్రతి కాగితం ఇప్పించాడు, టీ తాగావా అని రోజూ కనుక్కుంటాడు. ఇట్లాంటి మంచివాళ్లు నలుగురు కలిసి, ఎవరికీ చెడు చేయకుండా, ఒక రోడ్డును పిల్లల ఖాతాలో రాసేశారు.

"ఆ వరుస తీసేయాలి సార్."

"తీసేయమని ఊరికే చెప్తే కాదమ్మా. పోయి చూసి, కారణం రాసుకుని రా. మీటింగులో పెడదాం."

*

ఆమె కాలనీకి పోయేటప్పటికి డిసెంబరు మొదటి వారం. ఆ రోజు బడిలో మక్కల గ్రామసభ. పంచాయతీ వాళ్లు పిల్లలనే కూర్చోబెట్టి వాళ్లకేం కావాలో అడిగే సభ. వచ్చినవాళ్లకు కుర్చీలు, పిల్లలకు నేల. కొండ తవ్విన ఎర్ర దుమ్ము గోడల మీద, చెట్ల మీద, పిల్లల తెల్ల చొక్కాల మీద ఒకే రంగు పూసింది.

బడి ఆవరణలోనే ఒక గదిలో అంగన్‌వాడీ ఉంది. దాన్ని చూసే సిద్ధమ్మ పంతొమ్మిదేళ్లుగా అక్కడే పని చేస్తోంది. కాలనీ రోడ్డుకు ఆ పక్క, బడి ఈ పక్క. యూనీస్ చూస్తుండగానే సిద్ధమ్మ చిన్నపిల్లల్ని రోడ్డు దాటించుకుని వచ్చింది. ఆమె చేతిలో పొడుగాటి నైలాన్ తాడుంది. దానికి మూరకొక ముడి, ముడికొక పిల్ల. పదహారు మంది ముడులు పట్టుకుని వరుసగా నడుస్తున్నారు. సిద్ధమ్మ ముందు నిలబడి చెయ్యి అడ్డం పెట్టింది. లారీ హారన్ కొట్టుకుంటూ వచ్చి, ఆమెకు నాలుగు బారల దూరంలో ఆగింది.

"ముందర గుంతల రోడ్డు ఉండె మేడం" అంది సిద్ధమ్మ తాడు చుట్టుకుంటూ. "లారీలు కుంటుకుంటా వస్తాండె. ఇప్పుడు అద్దం మాదిరి చేసిరి. బ్రేకు మీద కాలే పెట్టరు. పోయినేడు ఇదో, ఈ పాపి ముడి ఇడిచిపెట్టె. కాలు ఇరిగె. బతికిందే గొప్ప."

నాలుగేళ్ల పిల్ల పాపి తన పేరు విని ఇటు చూసింది. ఎడమ పాదం పక్కకు తిరిగి ఉంది. పలక చంకలో పెట్టుకుని, ఒక పక్కకు ఒరుగుతూ గదిలోకి పోయింది.

యూనీస్ కళ్ల ముందు ఆ గడిలో రాసిన నూరు కదిలింది. 

సభ మొదలైంది. పిల్లలు గోడకు పెయింటు, వాలీబాల్ నెట్ అడిగారు. తర్వాత ఏడో తరగతి యశోద లేచింది. బక్కపలచని పిల్ల, గొంతు మాత్రం గట్టిది.

"లెట్రీన్ కట్టిరి. నీళ్లు లేవని బీగం వేసిరి. మేము మద్యాన్నం ఇండ్లకు పోతాము. పోతే మళ్లా రాము. మళ్లా రోడ్డు దాటల్ల గదా, అమ్మోళ్లు పంపరు. మా క్లాసులో ఆడపిల్లోళ్లు తొమ్మిది మంది. మద్యాన్నం లెక్కలు చెప్తారు. తొమ్మిది మందిమీ లెక్కల్లో ఫేలు."

పంచాయతీ గుమాస్తా రిజిస్టరులో రాసుకున్నాడు. యశోద కూర్చోలేదు. కుర్చీల్లో కొత్త మనిషి యూనీసే కాబట్టి ఆమె వైపు తిరిగింది.

"అక్కా, పోయినేడు గూడా ఇదే చెప్తిమి. ఇట్లే రాసుకున్నారు. ఆ పుస్తకం యాడికి పోతాది?"

యూనీస్‌కు తెలియదు. పన్నెండేళ్లు ఇదే పనిలో ఉండి కూడా తెలియదు. "కనుక్కుని చెప్తా" అంది.

ఆ సాయంత్రమే పంచాయతీలో కనుక్కుంది. పుస్తకం ఎక్కడికీ పోదు. అక్కడే బీరువాలో ఉంటుంది. వచ్చే ఏడాది పనుల ప్రణాళిక దసరాకే ముగిసిపోతుంది. పిల్లల సభ డిసెంబరులో జరుగుతుంది. అంటే పిల్లలు నోరు తెరిచేటప్పటికే పంపకం అయిపోయి ఉంటుంది. లెట్రీన్ కట్టింది ఒక శాఖ, పైపు వేయాల్సింది ఇంకొక శాఖ. పైపు వాళ్లకు లెట్రీన్ ఉన్నట్టే కాగితం రాలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. వెతికే కొద్దీ ఎవరి తప్పూ లేకుండానే పోతోంది.

*

జనవరిలో మీటింగ్. జిల్లాకంతటికీ పెద్ద ఆఫీసరు వచ్చి మధ్య కుర్చీలో కూర్చున్నాడు. అక్కడందరూ ఆయన్ను దొడ్డ సాహేబ్రు అంటారు. వయసులో యూనీస్ కంటే చిన్నవాడే.

ఆమె మూడే మాటలు చెప్పింది. పిల్లల సభ దసరాకు ముందే జరపాలి, వాళ్లు అడిగింది ప్రణాళికలో చేరాలి. కట్టడం, నీళ్లు, మనిషి, మూడూ ఒకే ఫైలులో మంజూరు కావాలి. రోడ్డును పిల్లల ఖర్చు నుంచి తీసేయాలి. రోడ్డు దగ్గరికి వచ్చేసరికి పాపి సంగతి చెప్పింది. "నూరు శాతం పిల్లల కోసమని మనం రాసుకున్న రోడ్డు మీద ఒక పిల్ల కాలు విరిగింది సార్."

 దొడ్డ సాహేబ్రు నిజంగానే నొచ్చుకున్నట్టు కనిపించాడు. తర్వాత అడిగాడు.

"రోడ్డు తీసేస్తే శాతం ఎంతవుతుంది?"

"తొమ్మిది సార్."

"ఇరవై మూడు నుంచి తొమ్మిదా?" ఆయన ఇంద్రసేన వైపు చూశాడు. ఇంద్రసేన టేబుల్ వైపు చూశాడు. "మేడం, మీరు చెప్పినవన్నీ మంచివి. కానీ నా కాలంలో పిల్లల ఖర్చు సగానికి పైగా పడిపోయిందని పై నుంచి అడిగితే నేనేం చెప్పాలి?"

"పడిపోలేదు సార్. ఎప్పుడూ తొమ్మిదే ఉంది."

"అది మీకు తెలుసు, నాకు తెలుసు. రాసి ఉన్నది ఇరవై మూడు." ఆయన పెన్ను మూత పెట్టాడు. "ఈ ఏడాదికి అట్లే ఉండనీ. మీ సూచనలు రిపోర్టు చివర అనుబంధంలో చేర్చండి."

అనుబంధాలు ఎవరు చదువుతారో యూనీస్‌కు బాగా తెలుసు. టైపు చేసిన మనిషి చదువుతాడు, అదీ అచ్చుతప్పుల కోసం. ఆమె మళ్లీ మాట్లాడబోయింది. అప్పటికే తర్వాతి అంశం చదువుతున్నారు.

సాయంత్రం బెంగుళూరు నుంచి సంస్థలో ఆమె పైఅధికారి కెరోలిన్ ఫోన్ చేసింది. "యూనీస్, మీటింగులో గట్టిగా మాట్లాడావంట. వాళ్లు మంచి క్లయింటు. ఒక గడి కోసం అంతా చెడగొట్టొద్దు."

"ఆ గడి తప్పు, కెరోలిన్."

"రూల్సులో తప్పని యాడన్నా ఉందా?"

లేదు. పక్కన బడి ఉంటే రోడ్డు వాటా ఎంత వేసుకోవాలో రూల్సులో ఎక్కడా లేదు. యూనీస్ ఫోన్ పెట్టేసి, వంటింట్లోకి పోయి, అవసరం లేకపోయినా గిన్నెలన్నీ మళ్లీ తోమింది. కృపమణి వచ్చి తోమినవి తుడిచి అరలో పెట్టింది.

*

రెండు వారాల తర్వాత యశోదకిచ్చిన మాట కోసం మళ్లీ కాలనీకి పోయింది. పుస్తకం బీరువాలోనే ఉంటుందని, ఎందుకు ఉంటుందో కూడా దాచకుండా చెప్పింది. యశోద అంతా విని, "అయితే ఊరికే అడుగుతాండారా మమ్మల్ని?" అని, జవాబు కోసం ఆగకుండా క్లాసుకు పోయింది.

యూనీస్ నేరుగా పంచాయతీ మెంబరు హులిగప్ప దగ్గరికి వెళ్లింది. అరవై దాటిన మనిషి, గనుల్లో పని చేసి ఊపిరి పాడుచేసుకున్నవాడు. మాటకొకసారి దగ్గుతాడు.

"హులిగప్పన్నా, బడికి నీళ్లు తెచ్చే దోవ ఏదీ లేదా?"

"యాడుందమ్మా? పైపుకు రాసినాం, బోరుకు రాసినాం. అన్నిటికీ వచ్చే ఏడు అంటారు." ఆయన రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. "ఆ రోడ్డుకు చూడు, దుమ్ము లేయకూడదని పొద్దునొక ట్యాంకరు, సాయంత్రమొక ట్యాంకరు. బడి గోడ పక్కనే పోస్కుంటా పోతాడు. రోడ్డు తాగుతాది. పిల్లోళ్లకు ల్యా."

"ఆ ట్యాంకరు ఏ నిధి నుంచి?"

"అదే. గనుల నిధి. రోడ్డు నిర్వహణ అని."

యూనీస్ అక్కడే మెట్టు మీద కూర్చుంది. ఆమెకు ఒక ఆలోచన వచ్చింది, అది ఆమెకే నచ్చలేదు. రోడ్డు పిల్లలది కాదని రెండు నెలలుగా కొట్లాడుతోంది. ఓడిపోయింది. ఓడినచోటనే నిలబడి ఇంకొక మాట అడగొచ్చు. సరే, రోడ్డు పిల్లలదే అన్నారు గదా. అట్లయితే దాని నిర్వహణ కూడా పిల్లలదే కావాలి.

మరుసటి ఆదివారం చర్చి నుంచి వచ్చాక భోజనాల బల్ల మీదే ఉత్తరం రాసింది. 'సదరు రోడ్డు నూరు శాతం పిల్లల కొరకు నిర్మించబడినదని జిల్లా నమోదు చేసియున్నందున, దాని నిర్వహణ నిధి నుండి మొదటగా పిల్లల అవసరములు తీర్చవలెను' అని మొదలుపెట్టి, బడికి ఆ పక్క ఈ పక్క లారీలు నెమ్మదించేటట్టు రోడ్డు హంపులు, బడి వేళల్లో దాటించడానికి ఒక మనిషి, రోజూ ట్యాంకరు నీళ్లు ముందు బడి తొట్టి నింపాకే రోడ్డు మీద పోయడం అడిగింది.

కృపమణి కళ్లజోడు పెట్టుకుని చదివింది. "అంటే రోడ్డు పిల్లోళ్లదేనని నువ్వు ఒప్పుకున్నట్లే గదా?"

"అవునమ్మా."

"మరి ఆ పాప కాలికి ఏం రాస్తివి?"

యూనీస్ రాయలేదు. తల్లి కాగితం వెనక్కిస్తూ, పాదం పక్కకు తిరిగిందంటే ఎముక సరిగా కూర్చోలేదని, నాలుగేళ్లే కాబట్టి ఇంకా సరిచేయొచ్చని, ఆరు దాటితే కష్టమని చెప్పింది. రోడ్డు వల్ల గాయపడిన పిల్లకు ఆపరేషను కూడా రోడ్డు ఖర్చేనని ఒక పేరా పెరిగింది.

సోమవారం ఇంద్రసేన ఆ ఉత్తరం రెండుసార్లు చదివాడు.

"ఇదేందమ్మా ఇది?"

"కుదరదని రాసిస్తే చాలు సార్. అప్పుడు రోడ్డు పిల్లలది కాదని మీరే ఒప్పుకున్నట్టయితాది. ఆ కాగితం నాకు పనికొస్తాది."

ఆయన ఉత్తరం మూడోసారి చదివాడు. కిటికీ బయట ఎవరో స్కూటర్ స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. చివరికి, "బ్రూస్‌పేట బిడ్డవే లే నువ్వు" అని ఎర్ర ఇంకు పెన్ను తీశాడు. "ఆపరేషను మాత్రం దీంట్లో పట్టదు. రోడ్డుకు ఆపరేషనని రాస్తే ఆడిట్‌వాడు నన్ను ఆసుపత్రిలో ఏస్తాడు. దాటించే మనిషిని గూడా ఈలేను. హంపులు, నీళ్లు రాస్తాండా."

యూనీస్ ఇంకా అడిగింది. ఆయన ఇంకేమీ ఇవ్వలేదు. పాపి కాలి కోసం కృపమణి తన పాత ఆసుపత్రిలో తెలిసిన డాక్టరుతో మాట్లాడి, మార్చిలో ఆపరేషను చేయించింది. ప్రభుత్వపు ఏ ఖాతాలోనూ అది లేదు.

*

హంపులు వేశారు. ట్యాంకరు మొదటి వారం నాలుగు రోజులు వచ్చింది, రెండో వారం ఐదు. మధ్యాహ్నం లెక్కల క్లాసులో తొమ్మిది మందిలో ఆరుగురు ఉంటున్నారని సిద్ధమ్మ చెప్పింది. మిగతా ముగ్గురి సంగతి అడిగితే, "వాళ్లమ్మోళ్లు నమ్మలేదు మేడం. ఒక నెల చూస్తామన్నారు" అంది.

ఏప్రిల్‌లో రిపోర్టు అచ్చయింది. అట్ట మీద నవ్వుతున్న పిల్లల బొమ్మ. లోపల ఇరవై మూడు శాతం. ఆమె సూచనలు చివర, చిన్న అక్షరాల్లో. పిల్లలకు ఎక్కువ ఖర్చు పెట్టిన జిల్లా అని పై నుంచి మెచ్చుకోలు లేఖ వచ్చింది. అదే వారం కెరోలిన్ ఫోన్ చేసి, ఇంకో మూడు జిల్లాలు ఇదే పద్ధతి తమకూ కావాలంటున్నాయని సంతోషంగా చెప్పింది.

"ఏ పద్ధతి?" అంది యూనీస్.

"ఇరవై దాటే పద్ధతి. నువ్వు పోయి వాళ్లకు నేర్పాలి."

"నేర్పను."

"ఆలోచించుకో, యూనీస్."

"ఆలోచించే చెప్తున్నా. ఆ మూడు జిల్లాల్లో ఎన్ని రోడ్లున్నాయో నీకు తెలుసా?"

 జిల్లాతో ఒప్పందం ముగిసింది, దాన్ని పొడిగించమని యూనీస్ అడగలేదు, సంస్థకు రాజీనామా ఇచ్చింది. అనంతపురంలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పే పని జూలై నుంచి మొదలవుతుంది.

జూన్‌లో బడులు తెరిచిన మూడో రోజు సిద్ధమ్మ ఫోన్ చేసింది. "మేడం, ట్యాంకరు వస్తాంది, రోడ్డు మీద పోస్కుని పోతాంది. అడిగితే కొత్త కాంట్రాక్టంట, బడి మాట దాంట్లో ల్యాదంట. లెట్రీన్‌కు మళ్లా బీగం వేసిరి."

ఇంద్రసేన మే నెలాఖరుకే రిటైరయ్యాడు. యూనీస్ ఫోన్ చేస్తే, "నేనిప్పుడు ఎవురమ్మా? నా మాట ప్యూన్ గూడా వినడు" అన్నాడు. అబద్ధం కాదు, బాధగానే అన్నాడు. ఫైలు నంబరు మాత్రం గుర్తు తెచ్చుకుని చెప్పాడు.

మర్నాడు ఆమె పొద్దున పది గంటలకు ఆఫీసుకు పోయింది. ఎనిమిది నెలలు తను తిరిగిన వరండాలోనే బెంచీ మీద కూర్చుంది. కొత్త ప్యూన్ చీటీ తెచ్చాడు.

"ఏ సంస్థమ్మా మీది?"

"ఏ సంస్థా కాదు."

"అట్లయితే సోమవారం రాండి. ఈ పొద్దు పబ్లిక్‌కు టైం ల్యా."

"కూర్చుంటా. ఖాళీ అయితే పిలవప్పా."

మూడున్నరకు పిలిచారు. ఇంద్రసేన సీట్లోని కొత్త ఆఫీసరు యువకుడు, నెల కూడా కాలేదు వచ్చి. ఆమె చెప్పినదంతా వింటూ ఫైలు తెప్పించుకుని చూశాడు. ఎర్ర ఇంకు దగ్గర ఆగాడు. "ఇది ఆయన వ్యక్తిగతంగా రాసినట్టుంది. కాంట్రాక్టు షరతుల్లో చేర్చలేదు."

"చేర్చండి."

"చూస్తాను మేడం. పిల్లల సభ ముందుకు జరపాలని కూడా రాశారు ఇక్కడ. దానికి పై నుంచి ఆర్డరు రావాలి."

"దానికి తర్వాత వస్తా. ఈ పొద్దు నీళ్లు."

ఆయన విసుక్కున్నాడు, తర్వాత ఇంజనీరుకు ఫోన్ చేశాడు. రేపటి నుంచి ట్యాంకరు బడి దగ్గర ఆగుతుందన్నాడు. అది కాగితం మీద రాసివ్వమని యూనీస్ అడిగింది. నోటిమాట చాలదా అని ఆయన. చాలదని ఆమె. గడియారం చూసి, ఒక తెల్ల కాగితం లాక్కుని, రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టి ఇచ్చాడు.

మెట్లు దిగుతూ సిద్ధమ్మకు ఫోన్ చేసింది. "రేపటి నుంచి వస్తాదంట."

"వస్తే చెప్తా మేడం" అంది సిద్ధమ్మ. వెనక పిల్లలు దేనికో ఒకటే గోల. "రాకపోయినా చెప్తా."